పైథాన్ డాక్‌స్ట్రింగులను ఆటోమేటిక్‌గా చక్కదిద్దడం ఎలా?

పైథాన్‌లో ఫంక్షన్ మొదట్లో మూడేసి కొటేషన్ గుర్తుల మధ్య రాసే వివరణే డాక్‌స్ట్రింగ్. హెల్ప్ అడిగితే తెర మీద కనిపించేది అదే. రేపు మీ కోడ్ తెరిచే మనిషిని ముందుగా పలకరించేదీ అదే కాబట్టి, దాన్ని చిందరవందరగా వదిలేయడం నాకు మనసొప్పదు. అలాగని ఖాళీలు, వరుసల పొడవు చేత్తో సరిచేస్తూ కూర్చోనక్కర్లేదు. డాక్‌ఫార్మాటర్ అనే ఉచిత ప్రోగ్రాం ఆ పని చేసిపెడుతుంది. 2001లో రాసిన పెప్ 257 (డాక్‌స్ట్రింగులు ఎలా రాయాలో చెప్పే పైథాన్ పత్రం) పద్ధతే దానికి ఆధారం: ముందు ఒక్క వరుసలో సారాంశం, తరువాత ఒక ఖాళీ వరుస, ఆపైన వివరణ.

1. చేతిలో ఉన్న మార్పులన్నీ ముందే గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్రను దాచే ప్రోగ్రాం) కమిట్ చేయండి, అంటే భద్రపరచండి. లేకపోతే ఏ మార్పు మీది, ఏది ప్రోగ్రాం చేసింది అన్నది తేలదు.

2. పైథాన్ ప్యాకేజీలు తెచ్చిపెట్టే పిప్‌తో డాక్‌ఫార్మాటర్‌ను ఇన్‌స్టాల్ చేయండి.

3. ఏ ఆప్షనూ ఇవ్వకుండా ఒక్క ఫైలు మీద నడపండి. ఫైలును ముట్టుకోకుండా, ఏమేం మారుస్తుందో చూపిస్తుంది. ఉదాహరణకు ఇలా ఉందనుకోండి:

"""   బిల్లు మొత్తానికి పన్ను కలుపుతుంది. రేటు శాతంలో ఇవ్వాలి. """

ఇలా మారుతుంది:

"""బిల్లు మొత్తానికి పన్ను కలుపుతుంది.

రేటు శాతంలో ఇవ్వాలి.
"""

మొదటి వాక్యాన్నే సారాంశంగా విడదీసింది, గమనించండి. అందుకే మొదటి వాక్యం ఒంటరిగా నిలబడినా అర్థమయ్యేలా ఉండాలి. జాబితాలా కనిపించే వివరణను సాధారణంగా అది కదిలించదు. చేత్తో గీసిన పట్టికలు ఉంటే మాత్రం ఒక్కొక్కటీ కళ్లతో చూసుకోండి.

4. తృప్తిగా ఉంటే ఇన్-ప్లేస్, రికర్సివ్ ఆప్షన్లు ఇచ్చి ఫోల్డర్ మొత్తం మీద నడపండి. ఈ మార్పులను విడిగా ఒకే కమిట్‌లో పెట్టండి. ఇక్కడ బద్ధకించవద్దు. ఆ కమిట్ నంబరును ఒక ఫైలులో రాసి, గిట్ సెట్టింగుల్లో బ్లేమ్ (ఏ వరుస ఎవరు రాశారో చూపే ఆదేశం) పట్టించుకోకూడని కమిట్ల జాబితాగా ఆ ఫైలునే చూపించండి. గిట్ 2.23 నుంచి ఈ సౌకర్యం ఉంది. అలా చేస్తే ఏ వరుస ఎవరు రాశారన్న చరిత్ర చెదరదు.

5. వరుస పొడవు తేల్చుకోండి. మామూలుగా సారాంశానికి 79, వివరణకు 72 అక్షరాలు పరిమితి. బ్లాక్ అనే కోడ్ ఫార్మాటర్ కూడా వాడుతుంటే దాని 88కి సరిపోయేలా చేసే ఆప్షన్ ఉంది. డాక్‌స్ట్రింగులు తెలుగులో రాసేవారికి ఇంకో చిక్కు. 'తెలుగు' కంటికి మూడు అక్షరాలే, పైథాన్ లెక్కలో మాత్రం 6, ఎందుకంటే గుణింతపు గుర్తును కూడా అది విడిగా లెక్కిస్తుంది. దాంతో తెలుగు వరుసలు పొట్టిగా విరిగిపోతాయి. పరిమితి పెంచుకోండి. ఆ అంకెలను ప్రాజెక్టు సెట్టింగులుండే పైప్రాజెక్ట్ ఫైలులో రాసిపెడితే బృందమంతటికీ ఒకే కొలత ఉంటుంది.

6. చివరగా, కమిట్‌కు ముందు తానే నడిచే ప్రీ-కమిట్ హుక్‌లో డాక్‌ఫార్మాటర్‌ను ఇన్-ప్లేస్ ఆప్షన్‌తో చేర్చండి. ఎవరైనా అస్తవ్యస్తంగా రాసి కమిట్ చేయబోతే, హుక్ ఫైలును సరిదిద్ది కమిట్‌ను ఆపుతుంది. మార్పు చూసుకుని, ఫైలును మళ్లీ యాడ్ చేసి కమిట్ కొడితే వెళ్లిపోతుంది.