ఇంటి వంటల పుస్తకం ఎలా తయారు చేసుకోవాలి?

ముందు పదిహేనో ఇరవయ్యో వంటకాల పేర్లు రాసుకోండి. ఇంట్లో వాళ్లు మళ్లీ మళ్లీ అడిగి చేయించుకునేవే ఎంచుకోండి. ఎక్కడైనా దొరికే వంటలకు ఈ పుస్తకంలో చోటు అక్కర్లేదు.

అసలు కష్టమంతా కొలతల దగ్గరే. చేయి తిరిగినవాళ్లను ఉప్పెంత అని అడిగితే "తగినంత" అంటారు. అదే రాసేస్తే రేపు ఎవరికీ ఉపయోగపడదు. అలాగని మధ్యలో ఆపి కొలవమంటే వాళ్లకు చేయి తప్పుతుంది. అందుకని వంటకు ముందు ఉప్పు డబ్బా, కారం డబ్బా, నూనె సీసా కిచెన్ స్కేల్ మీద తూచి బరువు రాసుకోండి. వంటయ్యాక మళ్లీ తూచండి. తగ్గినన్ని గ్రాములే ఆ "తగినంత". చిటికెడంత వేసేవాటిని మాత్రం చెంచా లెక్కన రాయండి. టీస్పూన్ అంటే 5 మిల్లీలీటర్లు, టేబుల్‌స్పూన్ అంటే 15. "కాసేపు వేయించాలి" అన్నచోట ఎన్ని నిమిషాలు పట్టిందో, రంగు ఎలా మారిందో చూసి రాయండి. ఫోన్‌లో వాళ్ల మాటలు రికార్డ్ చేస్తే, ఆ వంట ఎవరి దగ్గర నేర్చుకున్నారో కూడా దొరుకుతుంది.

తర్వాత ఆ కాగితాన్ని వంట అంతగా రానివాళ్లకిచ్చి వండించండి. వాళ్లు ఆగి అడిగిన ప్రతిచోటా ఒక వాక్యం చేర్చాలి.

ఫోటోలకు ఫోన్ చాలు. పగటిపూట, ఎండ నేరుగా పడని కిటికీ పక్కన పళ్లెం పెట్టి, ఫ్లాష్‌తోపాటు గదిలో లైట్లూ ఆపేయండి. బల్బు వెలుతురు కలిస్తే రంగులు మారిపోతాయి. కిటికీకి ఎదురువైపు తెల్లటి అట్ట నిలబెడితే నీడలు పల్చబడతాయి. పళ్లెంలో పరిచినవాటిని సరిగ్గా పైనుంచి, గిన్నెలో ఉన్నవాటిని 45 డిగ్రీల వాలులో తీయండి. వేడి వంట నిమిషాల్లో కళ తప్పుతుంది కాబట్టి ఖాళీ గిన్నెతో ముందే ఫ్రేమ్ చూసుకోండి. వండే చేతులనూ తీయడం మరిచిపోవద్దు, నాకైతే అన్నిటికన్నా అవే ముఖ్యం. పాత చేతిరాత కాగితాలుంటే స్కాన్ చేసి అదే వంట పక్కన పెట్టండి.

ఏ5 పేజీ (ఏ4 కాగితంలో సగం) నిండా ఫోటో రావాలంటే 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) లెక్కన సుమారు 1748×2480 పిక్సెళ్లు కావాలి. మెసేజ్‌లో పంపితే ఫోటో సైజు తగ్గిపోవచ్చు, ప్రింటింగ్ షాపుకు ఒరిజినల్ ఫైలే ఇవ్వండి. స్పైరల్ బైండింగ్ అయితే వంటగట్టు మీద పుస్తకం పూర్తిగా తెరుచుకుని ఉంటుంది. మొదట ఒక్క కాపీయే తీయించి, అది చూస్తూ వండి, తప్పులు దిద్దాకే మిగతావి చేయించండి.