డిస్ట్రో మార్చాక వైఫై రాకపోతే

లినక్స్‌లో డిస్ట్రో (ఉబుంటు, డెబియన్ లాంటి లినక్స్ రకం) మార్చగానే కొన్ని పాత ల్యాప్‌టాప్‌లలో వైఫై పోతుంది, బ్రాడ్‌కామ్ కంపెనీ వైఫై కార్డు ఉన్నవాటిలో మరీను. డ్రైవర్ (ఆ కార్డుని నడిపించే సాఫ్ట్‌వేర్) దింపుకోవాలంటే నెట్ కావాలి, నెట్ రావాలంటే డ్రైవర్ ఉండాలి!

ఆండ్రాయిడ్ ఫోన్‌ని కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి కలిపి, ఫోన్ సెట్టింగ్స్‌లో హాట్‌స్పాట్ దగ్గరుండే యూఎస్‌బీ టెథరింగ్ (ఫోన్ నెట్‌ని కేబుల్ ద్వారా పంచడం) ఆన్ చేయండి. లినక్స్ దాన్ని వైరు నెట్‌లాగే తీసుకుంటుంది. ఫోన్ ఇంటి వైఫైలో ఉంటే మామూలుగా మొబైల్ డేటా కూడా ఖర్చవదు. ఉబుంటులో ఇక ‘అడిషనల్ డ్రైవర్స్’ తెరిచి బ్రాడ్‌కామ్‌ది ఎంచుకుని, రీస్టార్ట్ చేయడమే. డెబియన్‌లో అయితే నాన్-ఫ్రీ రిపాజిటరీ (ఓపెన్ సోర్స్ కాని సాఫ్ట్‌వేర్ దొరికే చోటు) కలుపుకుని, కెర్నల్ హెడర్స్‌తో (డ్రైవర్ తయారవడానికి కావాల్సిన ఫైళ్లు) పాటు ‘బ్రాడ్‌కామ్-ఎస్‌టీఏ-డీకేఎంఎస్’ ప్యాకేజీ వేసుకోవాలి.

ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుల్ అయితే టెథరింగ్ ఆప్షన్ నొక్కడానికే రాదు. ఫోన్‌తో వచ్చిన కేబుల్ వాడండి, టెన్షన్ ఉండదు.