పబ్లిష్ కొట్టే ముందు మూట విప్పి చూడండి

జావాస్క్రిప్ట్ కోడ్‌ను ప్యాకేజీగా మూటకట్టి అందరికీ పంచిపెట్టే చోటు ఎన్‌పీఎం; ఆ పనికి వాడే టూల్ పేరూ అదే. కొత్త ప్యాకేజీ మొదలుపెట్టడం చిటికెలో పని. ఖాళీ ఫోల్డర్‌లో ‘ఎన్‌పీఎం ఇనిట్’ అని కొడితే నాలుగు ప్రశ్నలడిగి, ప్యాకేజీ వివరాలుండే ప్యాకేజ్ డాట్ జేసన్ అనే ఫైల్ రాసిపెడుతుంది. ఆ ప్రశ్నలు కూడా ఎందుకని చివర ‘హైఫన్ వై’ తగిలించేవాళ్లే ఎక్కువ. అప్పుడు ఫోల్డర్ పేరే ప్యాకేజీ పేరైపోతుంది. ‘టెస్ట్2’ లాంటి పేర్లు అలా పుట్టినవే.

ఆ ఫైల్లో ముందుగా ‘ప్రైవేట్’ అని రాసి, విలువ ‘ట్రూ’ పెట్టండి. అది ఉన్నంతకాలం చెయ్యి జారి పబ్లిష్ కొట్టినా ఎన్‌పీఎం ఒప్పుకోదు. పేరు ముందు మీ యూజర్‌నేమ్ పెట్టుకుంటే పేరు దొరకలేదన్న గొడవ ఉండదు. కాకపోతే మొదటిసారి ‘యాక్సెస్ పబ్లిక్’ అని చెప్పడం మరిస్తే, ప్రైవేటు ప్యాకేజీ అనుకుని డబ్బు కట్టమంటూ 402 ఎర్రర్ ఇస్తుంది. కంగారు పడకండి.

అసలు టెన్షన్ మూటలోకి ఏం వెళ్తోందన్న దాని గురించే. ఒకసారి టెస్టుల ఫోల్డర్ వెళ్లకూడదని ఎన్‌పీఎం ఇగ్నోర్ ఫైల్ పెట్టి, అందులో ఒక్క లైన్ రాశాను. పాస్‌వర్డులున్న డాట్ ఎన్వ్ ఫైల్ ఎలాగూ గిట్ ఇగ్నోర్‌లో (కోడ్ మార్పులు దాచే గిట్‌లోకి ఏవి వెళ్లకూడదో రాసే ఫైల్‌లో) ఉందిగా అని ధీమా. ఎన్‌పీఎం ఇగ్నోర్ ఉంటే అదే ఫోల్డర్‌లోని గిట్ ఇగ్నోర్‌ను ఎన్‌పీఎం అసలు చూడదని నాకప్పుడు తెలియదు. డేటాబేస్ పాస్‌వర్డ్ ఊరి మీద పడింది.

అందుకే ఇప్పుడు ఏవి వద్దో రాయను, ఏవి కావాలో ప్యాకేజ్ డాట్ జేసన్‌లోని ‘ఫైల్స్’ జాబితాలో రాస్తాను. తర్వాత ‘ఎన్‌పీఎం ప్యాక్ డ్రై రన్’ కొడతాను. ఏదీ అప్‌లోడ్ కాదు, లోపలికి వెళ్లే ప్రతి ఫైలూ సైజుతో సహా తెర మీద కనిపిస్తుంది. ఆరు ఫైళ్లు ఉండాల్సిన చోట ఏడోది కనిపిస్తే అక్కడే ఆగండి.

ఒకవేళ జారిపోతే ముందు పాస్‌వర్డ్ మార్చండి, అన్‌పబ్లిష్ సంగతి తర్వాత. 2016లో లెఫ్ట్ ప్యాడ్ అనే 11 లైన్ల ప్యాకేజీని దాని రచయిత తీసేస్తే దాని మీద ఆధారపడ్డ ఎందరివో బిల్డులు (కోడ్‌ను వాడకానికి సిద్ధం చేసే పనులు) ఆగిపోయాయి. ఆ దెబ్బతో నిబంధనలు బిగించారు. ఇప్పుడు పెద్ద అడ్డంకి లేకుండా తీసేయగలిగేది 72 గంటల్లోపే, అదీ వేరే ప్యాకేజీ ఏదీ దాని మీద ఆధారపడకపోతేనే. తీసేసినా ఆ పేరుతో అదే వెర్షన్ నంబరు మళ్లీ వాడలేరు.

చివరగా, డ్రై రన్ లేకుండా ప్యాక్ చేసి, వచ్చిన ఫైలును వేరే ఫోల్డర్‌లో ఇన్‌స్టాల్ చేసి మీ ప్యాకేజీ ఇచ్చే కమాండ్ కొట్టి చూడండి. అక్కడ నడిస్తే, అప్పుడు తీయండి ఆ ‘ప్రైవేట్’ లైన్.