సెలవులకు చుట్టాలంతా ఓరుగల్లు వస్తున్నారా? గదులు మాట్లాడే ముందు ఈ జాగ్రత్తలు చూసుకోండి

సద్దుల బతుకమ్మకు ముందు రోజు రాత్రి మా నాయినమ్మ హన్మకొండలో ఒక లాడ్జి మెట్ల మీద కూర్చుండిపోయింది. మోకాళ్లు ఇక లేవనియ్యలేదు. "బిడ్డా, నేనీడనే పంట, మీరు పైకి పొండ్రి" అన్నది. ఫోన్లో మాట్లాడినప్పుడు ఏడు గదులన్నారు, అన్నీ కిందనే అన్నారు. పందొమ్మిది మందిమి బండి దిగేసరికి ఖాళీగా ఉన్నవి నాలుగు, అవి కూడా మూడు అంతస్తుల్లో. లిఫ్టు లేదు. కట్టిన అడ్వాన్సుకు మా దగ్గర రసీదు లేదు, మెసేజ్ లేదు. చివరికి మా బావ, తమ్ముడు కలిసి ఆమెను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి రెండో అంతస్తు దాకా మోశారు. తెల్లవారి పూలు తెచ్చి బతుకమ్మ పేర్చాల్సిన ఆడవాళ్లు రాత్రంతా ఎవరు ఏ గదిలో పడుకోవాలన్న లెక్కతోనే గడిపారు.

మా ఇల్లు హన్మకొండలోనే, కానీ రెండు గదుల ఇంట్లో ఇరవై మంది ఎక్కడ పట్టాలి? అందుకని అప్పటి నుంచి వచ్చే చుట్టాలకు గదులు చూసే పని నేనే పెట్టుకున్నాను. ఒకరిద్దరికి గది దొరకడం వేరు. మూడు తరాలు ఒకేసారి కదిలినప్పుడు ఎక్కడ దెబ్బ తింటామో అనుభవం మీద తెలిసింది. అదే రాస్తున్నాను.

ముందుగా తేదీల సంగతి. దసరా సెలవుల్లో ఊరు నిండుతుందని అందరికీ తెలుసు. పెత్రమాస, అంటే మహాలయ అమావాస్య నాటి ఎంగిలిపూల బతుకమ్మ నుంచి సద్దుల బతుకమ్మ దాకా తొమ్మిది రోజులు, ఆ వెంటనే దసరా. చివరి మూడు రోజులకు గదులు కావాలంటే కనీసం నెల ముందు మాట్లాడుకోవాలి. చాలామంది లెక్కలోకి తీసుకోనిది మాఘమాసం. రెండేళ్లకోసారి మాఘ పున్నమి దగ్గర మేడారం సమ్మక్క సారలమ్మ జాతర వస్తుంది: 2024లో, 2026లో జరిగింది, తర్వాతది 2028లో. అటు పోయే జనంలో చాలామంది హన్మకొండ, వరంగల్ మీదుగానే పోతారు, ఇక్కడ ఒక రాత్రి ఆగుతారు. మాఘం పెళ్లిళ్ల నెల కూడా కావడంతో లాడ్జిలను మగపెళ్లివాళ్లు, ఆడపెళ్లివాళ్లు గుత్తగా మాట్లాడేసుకుంటారు. రెండూ కలిసిన ఏడాది ఆగమాగం అవుతుంది. మేడారం పోయేవాళ్లు ముందుగాల వేములవాడ రాజన్నను చూసుకునే ఆనవాయితీ ఉంది కాబట్టి, జాతరకు కొన్ని వారాల ముందు నుంచే వేములవాడలోనూ గదులకు కటకట మొదలవుతుంది.

సంక్రాంతి సంగతి వేరు. అయినవోలు మల్లన్న, కొత్తకొండ వీరన్న, కొమురవెల్లి మల్లన్న జాతరల జనంతో లాడ్జిలు నిండుతాయి, నిజమే. అయితే సంక్రాంతి ఎక్కువగా పుష్యమాసంలో వస్తుంది, అది శూన్యమాసం, ముహూర్తాలుండవు. కాబట్టి ఫంక్షన్ హాళ్లు ఖాళీగా ఉంటాయి. చాలా హాళ్లలో పెళ్లివారి కోసం కట్టిన నాలుగైదు గదులు, పక్కన వంటశాల, పరుపులు వేసుకోవడానికి పెద్ద హాలు ఉంటాయి. పదిహేను మంది దాటిన కుటుంబానికి నేను మొదట వాకబు చేసేది అక్కడే. అందరూ ఒకే కప్పు కింద ఉంటారు, పిల్లలు ఉరుకులాడడానికి చోటుంటుంది, వంట చేసుకోవచ్చు. మాట్లాడుకునేటప్పుడు మూడు సంగతులు అడగండి. కరెంటు బిల్లు కిరాయిలో కలిసిందా, మీటరు చూసి వేరుగా తీసుకుంటారా? రాత్రి వాచ్‌మన్ ఉంటాడా, గేటుకు తాళం వేస్తాడా? స్నానాలకు వేడినీళ్లు ఎట్లా? హాళ్లలో మరుగుదొడ్లు బోలెడుంటాయి కానీ గీజరున్న స్నానాల గదులు పెళ్లికూతురు గదికి, పెళ్లికొడుకు గదికే ఉండడం నేను చాలాసార్లు చూశాను.

ఎక్కడ దిగాలన్నది తర్వాతి ప్రశ్న. బయటి ఊరివాళ్లకు వరంగల్ అంటే ఒక్క ఊరు. ఇక్కడ హన్మకొండ, కాజీపేట, వరంగల్ అని మూడు ఊళ్లు కలిసిపోయి ఉన్నాయి. కాజీపేట జంక్షన్‌కూ వరంగల్ స్టేషన్‌కూ మధ్య పది కిలోమీటర్ల దూరం. కొన్ని రైళ్లు రెండింట్లో ఒకచోటే ఆగుతాయి. టికెట్ మీద ఏ స్టేషన్ ఉందో చూడకుండా గది మాట్లాడుకుంటే ఇరవై మంది, ముప్పై బ్యాగులు, నాలుగు ఆటోలు. వేయిస్తంభాల గుడి, పద్మాక్షి గుట్ట, భద్రకాళి గుడి చూడాలనుకునేవాళ్లకు హన్మకొండ అనుకూలం. రామప్ప, లక్నవరం, మేడారం పోయే ములుగు రోడ్డు కూడా అటే. ఖిలా వరంగల్ తోరణాలు, ఖుష్ మహల్, ఉర్సు గుట్ట రావణవధ చూడాలన్నా, తెల్లవారుజామున రైలెక్కాలన్నా వరంగల్ స్టేషన్ వైపు మేలు. నా మట్టుకు పెద్దవాళ్లు ఉంటే హన్మకొండ వైపే చూస్తాను. ఒక్క మినహాయింపు: సద్దుల బతుకమ్మ సాయంత్రం వేయిస్తంభాల గుడి, పద్మాక్షి గుట్ట చుట్టుపక్కల బండి కదలదు. ఆ రోజు నడిచి పోగలిగినంత దగ్గర్లో ఉండాలి, లేదంటే పొద్దుగూకకముందే చేరుకోవాలి. లాడ్జి సరిగ్గా ఆ గుంపు నడుమ ఉన్నా ఇబ్బందే. రాత్రి ఎవరికైనా గుండెలో నొప్పి వస్తే 108 లోపలికి రావాలి కదా.

వానలు వెనకబడిన ఏడాది ఇంకొకటి చూడాలి. 2023 జూలై వానలకు హన్మకొండలో నయీంనగర్ నాలా పొంగింది, భద్రకాళి చెరువు కట్ట తెగింది. 2025 అక్టోబరు చివర్లో మొంథా తుపానుకు మళ్లీ కాలనీలు మునిగాయి. అది దసరా దాటాక కూడా. నాలా పక్కన, లోతట్టున ఉన్న ఇల్లయితే కింది అంతస్తు వద్దు. మోకాళ్ల నొప్పులవాళ్లకు లిఫ్టున్న మొదటి అంతస్తు తీసుకోండి, జనరేటర్ మీద లిఫ్టు నడుస్తుందో లేదో అడగండి. చాలాచోట్ల జనరేటర్ లైట్లకు, ఫ్యాన్లకే.

ఇప్పుడు అసలు లెక్క. "ఎన్ని గదులు కావాలి?" అని అడుగుతారు. గదుల లెక్క కన్నా ముందు స్నానాల గదులు లెక్కపెట్టండి. పద్దెనిమిది మందికి మూడు బాత్రూములుంటే ఒక్కోదానికి ఆరుగురు. మనిషికి ఇరవై నిమిషాలంటే రెండు గంటలు. పొద్దున ఎనిమిదికి రామప్పకు బయల్దేరుదామనుకున్నవాళ్లు పదిన్నరకు బయల్దేరి, ఎండలో గుడి చేరి, అలిసిపోయి ఒకరినొకరు విసుక్కుంటారు. పద్దెనిమిది మందికి ఆరు ఉంటే గంటలో అయిపోతుంది. గీజరు చిన్నదైతే, అంటే 15 లీటర్లదైతే, చన్నీళ్లు కలుపుకుంటే వచ్చేవి రెండు బకెట్లు. తర్వాతివాళ్లు ఆగాల్సిందే. కొన్ని లాడ్జిల్లో వేడినీళ్లు పొద్దున కొన్ని గంటలే వదులుతారు, ఆ వేళలు అడిగి రాసుకోండి. పెద్దవాళ్లున్న గదిలో కమోడు ఉండాలి, బాత్రూం గడప ఎత్తుగా ఉండొద్దు, లోపలి బండలు జారేవి కావొద్దు. పెద్దవాళ్లు ఎక్కువగా పడేది అక్కడే. మా పెద్దనాయిన ఒకసారి అట్లా జారి తుంటి విరగ్గొట్టుకుని మూడు నెలలు మంచం మీదున్నాడు. అందుకని నేను ప్రయాణమప్పుడు ఒక రబ్బరు పట్టా సంచిలో వేసుకుపోతాను.

పడకల లెక్కలో "అదనపు పరుపు" అనే మాట దగ్గర ఆగండి. మంచమా, నేల మీద వేసే పరుపా, దానికెంత, పిల్లలకు ఏ వయసు దాకా ఉచితం, గదికి గరిష్ఠంగా ఎంతమందిని పండనిస్తారు? ఇవి ముందే తేల్చుకోకపోతే రాత్రి పదింటికి కౌంటర్ దగ్గర గొడవ. ధర చెప్పినప్పుడు జీఎస్టీ కలిపా, విడిగానా అని కూడా అడగండి. రోజుకు 7,500 రూపాయల లోపు గదులకు 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతం. గది 2,000 అనుకుంటే ఆరు గదులకు రోజుకు 600 రూపాయల తేడా, మూడు రోజులకు 1,800. అది ఒక పూట భోజనం.

చెక్అవుట్ సంగతి కూడా మరచిపోవద్దు. మన దగ్గర కొన్ని లాడ్జిలు 24 గంటల లెక్కన ఇస్తాయి, ఎప్పుడు దిగితే మర్నాడు అదే వేళకు ఖాళీ చేయాలి. మరికొన్నింట్లో మధ్యాహ్నం 12కే గది ఇస్తారు, మర్నాడు 11 దాటొద్దు. పొద్దున ఆరింటికి రైలు దిగేవాళ్లు రెండో రకం చోట గదులు తీసుకుంటే ముసలివాళ్లు, చంటిపిల్లలు ఆరు గంటలు రిసెప్షన్ సోఫాల మీదే. ఒక్క గది ముందు రాత్రి నుంచే తీసుకుంటే అందులో అందరూ మొహం కడుక్కోవచ్చు. ఆ పైసలు దండగ కాదు.

మాట్లాడుకున్నది రాతలో ఉండాలి. ఇది ఒక్కటి పాటించి ఉంటే ఆ రాత్రి మా నాయినమ్మ మెట్ల మీద కూర్చునేది కాదు. ఫోన్ పెట్టేయగానే నేను వాట్సాప్‌లో ఇట్లా పంపుతాను: "ఫలానా తేదీ మధ్యాహ్నం నుంచి మూడు రోజులు, ఆరు గదులు, అన్నీ మొదటి అంతస్తులో, గదికి ఇంత, జీఎస్టీ కలిపి, అదనపు పరుపులు నాలుగు, అడ్వాన్సు ఇంత ఇచ్చాను. సరేనా?" వాళ్లు "సరే" అని జవాబిచ్చేదాకా పైసలు పంపను. ముందు రోజు సాయంత్రం మళ్లీ ఫోన్ చేసి గది నంబర్లు అడుగుతాను. నంబర్లు చెప్పకుండా "రండి మేడమ్, చూసుకుందాం" అన్నారంటే అనుమానించాలి. ఊళ్లో మనవాళ్లుంటే ఒక్కసారి పోయి చూసి రమ్మనండి. లేకుంటే వీడియో కాల్‌లో గది, బాత్రూం, మెట్లు చూపించమనండి. నిజంగా గది ఉన్నవాళ్లు చూపిస్తారు.

అడ్వాన్సు పేరుతో మోసాలు పండుగలప్పుడే ఎక్కువ. నెట్‌లో కనబడ్డ నంబరుకు ఫోన్ చేస్తే పెద్ద హోటల్ పేరు చెప్పి, సగం ధరకు గది అని, క్యూఆర్ కోడ్ పంపుతారు. యూపీఐలో పంపే ముందు కనబడే పేరు చూడండి. హోటల్ పేరు కాకుండా ఎవరిదో సొంత పేరు వస్తే ఆగండి. "మీ పైసలు వాపసు పంపుతున్నాం, పిన్ కొట్టండి" అంటే అది మోసమే, మనకు పైసలు రావడానికి పిన్ అక్కర్లేదు. హన్మకొండ, రామప్ప, లక్నవరం, తాడ్వాయిల్లోని హరిత హోటళ్లు, కాటేజీలు పర్యాటక సంస్థవి, వాటిని సంస్థ సొంత వెబ్‌సైట్‌లోనే తీసుకోండి. పైసలు పోయాయని తెలిసిన నిమిషమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బు ఆపడానికి అంత వీలుంటుంది.

చిన్నపిల్లలు తప్ప అందరి ఆధార్ వెంట ఉండాలి. ఒక్కరిది చూపించి ఇరవై మందికి తాళాలు ఇమ్మంటే ఇవ్వరు, ఇవ్వకపోవడమే మంచిది. అమెరికా నుంచో ఆస్ట్రేలియా నుంచో వచ్చిన మనవళ్లకు విదేశీ పాస్‌పోర్టు ఉంటే ఆ సంగతి ఫోన్లోనే చెప్పండి. వాళ్ల వివరాలు లాడ్జివాళ్లు 24 గంటల్లో విదేశీయుల నమోదు అధికారులకు తెలపాలి. ఆ ఏర్పాటు లేని చిన్న లాడ్జిలు రాత్రిపూట వాకిట్లో కాదంటాయి. మేడారం మొక్కుకు కోళ్లు, మేక వెంట తెచ్చుకునేవాళ్లు కూడా ముందే అడగాలి.

లాడ్జి కాకుండా మూడు నాలుగు రోజులకు ఇల్లు కిరాయికి తీసుకుంటే పిల్లలు అడుగు పెట్టకముందే మీరు ఒకసారి చుట్టి రండి. సంపు మూత గట్టిగా ఉందా? పగిలిన మూత, రేకు కప్పిన సంపు ఉంటే ఆ ఇల్లు వద్దనండి. డాబా పిట్టగోడ పిల్లల ఛాతీ కన్నా ఎత్తుండాలి. బాత్రూంలో గ్యాస్ గీజరుంటే కిటికీ తెరిచే స్నానం చేయాలి. తలుపు, కిటికీ మూసిన గదిలో గ్యాస్ మండితే కార్బన్ మోనాక్సైడ్ పోగవుతుంది. దానికి వాసన ఉండదు, లోపలివాళ్లు కూలబడేదాకా తెలియదు. లాడ్జి అయితే రాత్రి పడుకునే ముందు ఇంట్లోని కుర్రవాళ్లను ఒకసారి మెట్ల మీదుగా కిందికి, బయటికి నడిపించండి. చివరి తలుపుకు తాళం ఉంటే తాళంచెవి ఎవరి దగ్గర ఉందో తెలుసుకోండి. కిటికీలన్నిటికీ ఇనుప జాలీ ఉన్న భవనంలో మంటలొస్తే దారి ఆ మెట్లే.

టెంపో ట్రావెలరో తూఫాన్ జీపో మాట్లాడుకుని వచ్చేవాళ్లు డ్రైవర్ పడకను గదుల లెక్కలో వేయండి. చాలా కుటుంబాలు ఈ మాటే ఎత్తవు. రాత్రంతా సీట్లో దోమల మధ్య ఒరిగినవాడు పొద్దున రామప్పకు అరవై డెబ్బై కిలోమీటర్లు, అక్కడి నుంచి బొగత జలపాతం దాకా, మళ్లీ వెనక్కి నడపాలి. మన పిల్లలంతా ఆ బండిలోనే ఉంటారు. అతనికి ఫ్యాను, మంచం, వేళకు అన్నం ఇవ్వాలి. బండి ఎక్కడ నిలపాలో కూడా లాడ్జివాళ్లను ముందే అడగండి, పెద్ద బండి చాలా గల్లీల్లోకి రాదు.

దిగగానే నేను చేసే చివరి పని చీటీలు రాయడం. లాడ్జి పేరు, ఏ చౌరస్తా దగ్గర, గది నంబరు, ఇద్దరి ఫోన్ నంబర్లు. పిల్లల జేబుల్లో ఒక్కొక్కటి, ఫోన్ వాడని పెద్దవాళ్లకు ఒక్కొక్కటి. బతుకమ్మ గుంపులో చెయ్యి విడిచిపోవడానికి నిమిషం చాలు. మా నాయినమ్మకు చదువు రాదు. అయినా ఏటా నా దగ్గర చీటీ అడిగి తీసుకుని, కొంగుకు ముడేసుకున్నాకే గది దాటుతుంది.