సాల్వియా మొలవదు, వాలిపోతుంది, మళ్ళీ పూయదు: సమస్య - పరిష్కారం

న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఇల్లు కొన్న మొదటి వేసవిలో ముందు వాకిట్లో హోస్టాలు, గులాబీలు పెట్టాను. వారం తిరక్కుండా జింకలు మొదలంటా మేసేశాయి. ఆ కసితో, జింకకు గిట్టని మొక్క ఏదా అని వెతికితే సాల్వియా దొరికింది. ఇప్పటికి తొమ్మిదేళ్ళు. జింకలు దాన్ని ముట్టలేదు గానీ, నాలుగైదు మొక్కల్ని నేనే చంపాను. చలికి చచ్చింది ఒక్కటీ లేదు. నీళ్ళు ఎక్కువై, ఎరువు ఎక్కువై, ఒకటైతే వెచ్చదనం ఎక్కువై పోయాయి.

నేను చెబుతున్నది ఏటా మళ్ళీ మొలిచే పూలమొక్క సాల్వియా నెమొరోసా గురించి. మధ్య యూరప్ నుంచి పశ్చిమాసియా దాకా దాని పుట్టిల్లు. తులసి, పుదీనాల కుటుంబమే, కాండం పట్టుకుంటే నలుపలకలుగా తగులుతుంది. అమెరికాలో చలిని బట్టి ప్రాంతాలకిచ్చే అంకెల్లో (అంకె తగ్గేకొద్దీ చలి ఎక్కువ) జోన్ 4 దాకా, అంటే మైనస్ 30 సెల్సియస్ చలిని కూడా భూమిలో ఉండి తట్టుకుంటుంది. పొట్టి రకాల్లో 'మార్కస్' అడుగు లోపే ఆగుతుంది, కుండీకి అదే నా మొదటి ఎంపిక. 'మే నైట్' అడుగున్నర పెరుగుతుంది. 1997లో అమెరికా పెరెన్నియల్ ప్లాంట్ అసోసియేషన్ 'ఈ ఏటి మొక్క'గా ఎంచింది దాన్నే. నల్లటి కాడల 'కారడోనా' రెండడుగులు పోతుంది, బోర్డర్‌లో, అంటే లాన్ అంచు పూలమడిలో, వెనక వరసకు బాగుంటుంది.

ఏప్రిల్ వచ్చినా మొలక లేదు

ముందు మొక్కతో వచ్చిన పాత చీటీ వెతికి చదవండి. మే నెలలో నర్సరీ బల్లల మీద ఎర్రగా మెరిసే సాల్వియా స్ప్లెండెన్స్, నీలంగా నిలబడే సాల్వియా ఫారినేసియా కూడా 'సాల్వియా' పేరుతోనే అమ్ముతారు. మా చలికి అవి ఆగవు. చీటీ మీద 'యాన్యువల్' అని ఉంటే మీ తప్పేం లేదు, దాని ఆయుష్షే అంత. 'పెరెన్నియల్' (ఏటా మళ్ళీ మొలిచేది) అన్న మాట, పక్కన జోన్ అంకె చూసి కొనండి.

చీటీ సరైనదే అయితే మొక్క మొదలును వేలితో నొక్కి చూడండి. గట్టిగా ఉంటే బతికే ఉంది, ఏప్రిల్ చివరి దాకా ఆగండి. మెత్తగా, వాసనతో వేలికి అంటితే కుళ్ళిపోయినట్టు. కారణం చలి అనుకుంటాం, కానీ అసలు కారణం తడి. మా వైపు నేల ఎర్ర షేల్ రాయి అరిగి ఏర్పడిన బంకమట్టి. పగలు కరిగిన మంచు నీరు ఇంకే దారి లేక మొదలు చుట్టూ నిలుస్తుంది, రాత్రికి గడ్డకడుతుంది, మర్నాడు మళ్ళీ కరుగుతుంది. మూడు నెలలు ఇదే తంతు.

ఇక్కడ మన అలవాటే మనకు శత్రువు. మొక్క నాటితే చుట్టూ పాదు చెయ్యాలని చిన్నప్పటి నుంచి చూశాం. సాల్వియాకు పాదు వద్దు, దిబ్బ కావాలి. నాటే ముందు అడుగు లోతు గుంట తీసి నీళ్ళు నింపండి. ఇంకిపోయాక మళ్ళీ నింపి, గంటకు ఎంత దిగిందో స్కేలుతో చూడండి. అంగుళం కన్నా తక్కువ దిగితే ఆ చోట నేరుగా నాటొద్దు. కంపోస్టు కలిపిన మట్టితో అరడుగు ఎత్తు దిబ్బ పోసి దాని మీద నాటండి. బంకమట్టి గుల్ల అవుతుందని ఇసుక కలపకండి. నేను కలిపాను. ఆగస్టుకల్లా ఇటుకలా తయారైంది, గునపం కూడా దిగలేదు. చెక్క పొట్టు మల్చ్ వేస్తే మొదలుకు రెండు మూడు అంగుళాలు ఎడంగా వెయ్యండి. ఎండిన కాడల్ని నవంబరులో నున్నగా కొట్టెయ్యకుండా మార్చి దాకా ఉంచితే మొదలుకు కాస్త కాపుదల.

అక్టోబరు చివర్లో నాటిన మొక్కకు ఇంకో ప్రమాదం ఉంది. వేరు పట్టుకోక ముందే నేల గడ్డకట్టి కరుగుతూ మొక్కను పైకి నెట్టేస్తుంది. ఫిబ్రవరిలో వేర్లు బయటికి కనిపిస్తే మెల్లగా లోపలికి అదిమి మట్టి కప్పండి. ఇంకా మంచి పని, సెప్టెంబరు మధ్యలోపే నాటడం.

కుండీలోది చలికాలంలో పోయింది

నేల వెచ్చదనం కుండీలో వేర్లకు ఉండదు. అందుకే కుండీ మొక్కకు మన జోన్ నుంచి రెండు తీసేసి లెక్కెయ్యాలంటారు. మా జోన్ 7 కుండీకి 5 అవుతుంది. అప్పుడు కూడా నెమొరోసాకు ఇబ్బంది లేదు. మరి ఎందుకు పోతుంది? కుండీ చిల్లులు నేలకు అతుక్కుని నీళ్ళు బయటికి పోవు, అడుగున గడ్డకడతాయి. ఇటుక ముక్కల మీద కుండీని ఎత్తి పెట్టండి, గోడ వారగా జరపండి. కుండీ అడుగున గులకరాళ్ళు పోస్తే నీళ్ళు బాగా పోతాయన్నది అందరూ చెప్పే మాటే, కానీ పని చెయ్యదు. రాళ్ళ పైన మట్టిలోనే తడి ఆగిపోతుంది, వేర్లు ఆ తడిలో పడతాయి. దాని బదులు మూడు పాళ్ళు కుండీ మట్టికి ఒక పాలు పెర్లైట్ (తేలికైన తెల్లటి గుల్ల రాతి పలుకులు) కలపండి.

మల్లె కుండీని అక్టోబరులో ఇంట్లోకి తెచ్చుకునే వాళ్ళం కదా, నేను మొదటి ఏడాది దీన్నీ తెచ్చి కిటికీ పక్కన పెట్టాను. పాలిపోయి, సన్నగా సాగి, ఫిబ్రవరికి ఆకుల రసం పీల్చే నల్లి పట్టింది. మల్లెకు వెచ్చదనం కావాలి, దీనికి చలి నిద్ర కావాలి. హీటర్ లేని గరాజ్ పనికొస్తుంది. అక్కడ నెలకోసారి మట్టి కొద్దిగా తడిస్తే చాలు.

దుబ్బు నడుమ విడిపోయి నాలుగు వైపులా వాలింది

ఎండ ఆరు గంటల కన్నా తక్కువా? అయితే ఎండ తగిలే చోటికి మార్చి నాటడమే మందు, కర్రలు కట్టినా లాభం లేదు. ఎండ సరిపోతున్నా వాలుతుంటే లాన్ వైపు చూడండి. గడ్డికి చల్లిన నత్రజని ఎరువు బోర్డర్‌లో పడుతుంది, గడ్డి కోసం రోజూ తిరిగే స్ప్రింక్లర్ దీన్నీ తడుపుతుంది. కాడలు మెత్తగా, పొడుగ్గా పెరిగి ఒక్క గాలివానకు పడిపోతాయి. స్ప్రింక్లర్ మూతి తిప్పండి. వసంతంలో అంగుళం కంపోస్టు వేస్తే ఏడాదికి సరిపోతుంది.

నాలుగేళ్ళు దాటిన దుబ్బు నడుమ బోసిపోవడం మాత్రం వయసు వల్ల. మార్చి చివర్లో పిలకలు రెండు అంగుళాలున్నప్పుడు తవ్వి, పారతో నాలుగు ముక్కలు చేసి, నడిమి చెక్కను పారేసి, అంచు ముక్కల్ని అడుగున్నర ఎడంతో నాటండి. మిగిలిన ముక్కలకు మా వీధిలో ఎప్పుడూ గిరాకీయే.

జూన్ తర్వాత పువ్వు లేదు

పూసిన వెన్నులు ఎండిపోయి గోధుమరంగుకు తిరిగినా మొక్క మీదే ఉన్నాయా? బలమంతా గింజకు పోతోంది. కత్తెర చేతికి తీసుకోండి. ఒక్కో వెన్నును కింది పక్క మొగ్గ దాకా కత్తిరించొచ్చు. నాకు అంత ఓపిక లేదు, మొక్క మొత్తాన్ని అడుగున ఉన్న కొత్త ఆకుల దాకా, రెండు మూడు అంగుళాలు వదిలి, ఒకేసారి కోసేస్తాను. రెండు వారాలు వాకిలి బోడిగా ఉంటుంది, ఇంటికొచ్చిన వాళ్ళు 'అయ్యో, ఏమైంది' అంటారు. నెల, నెలన్నరలో రెండో పూత వస్తుంది. మొదటి దాని అంత దట్టంగా రాదు.

ఆకులు పసుపుబారి రాలుతున్నాయి

ఆరు నెలలకని వచ్చిన మా అమ్మ, ఇది తులసి చుట్టమని నేను నోరుజారి చెప్పిన పాపానికి, రోజూ స్నానం చేసి చెంబుడు నీళ్ళు పోసింది. సాయంత్రం బియ్యం కడుగు. మూడు వారాలకు కింది ఆకులు పసుపు, మట్టి ఇంకా తడి, మొక్క వాడిపోయినట్టు. వాడింది కదా అని ఇంకో చెంబు. వేర్లు కుళ్ళితే నీళ్ళు పీల్చుకోలేక మొక్క వాడుతుంది, దాహమనుకుని మళ్ళీ పోస్తాం. మట్టిలో రెండు అంగుళాల లోతున వేలు పెట్టి పొడిగా తగిలితేనే పొయ్యాలి. కుళ్ళు మొదలైతే పెకలించి, నల్లబడిన వేర్లు కోసేసి పొడి మట్టిలోకి మార్చండి. మాది రెండు కుండీల్లో ఒకటి దక్కింది. అమ్మకు విడిగా ఒక తులసి కుండీ పెట్టాను.

పూత అయ్యాక అడుగు ఆకులు కొన్ని ఎండడం సహజం, టెన్షన్ అక్కర్లేదు.

ఆకుల మీద గుండ్రటి నల్ల మచ్చలు

మే చివర్లో ఆకుల నిండా చిన్న గుంటల్లాంటి నల్ల మచ్చలు, అచ్చు అచ్చుగుద్దినట్టు. తెగులనుకుని రెండేళ్ళు శిలీంధ్ర మందు కొట్టాను. అసలు దొంగ వేరే: వీపు మీద నాలుగు నల్ల చారలున్న పసుపుపచ్చ నల్లి, ఫోర్ లైన్డ్ ప్లాంట్ బగ్. పుదీనా కుటుంబమంటే దానికి ప్రాణం. మన నీడ పడగానే ఆకు కిందికి దూరుతుంది కాబట్టి మచ్చలే కనిపిస్తాయి గానీ పురుగు కనిపించదు. ఉదయాన్నే సబ్బు నీళ్ళ డబ్బా పట్టుకుని కొమ్మను దులపండి. ఏడాదికి ఒక్క తరమే, జులైలో తానే పోతుంది. పాడైన ఆకులు రెండో పూత కోతలో ఎటూ పోతాయి. గుడ్లు కాడల్లో ఉంటాయి, అందుకే ఈ పురుగు పట్టిన ఏడు మాత్రం మార్చి దాకా కాడలు ఉంచే నియమం పక్కన పెట్టి శరత్తులోనే కాడలు కోసి చెత్తలో వేస్తాను, కంపోస్టులో కాదు.

బూడిద తెగులు వస్తే మొక్కల మధ్య గాలి లేనట్టు, పలచన చెయ్యండి. ఎండాకాలం కుండీలో ఆకులు వెలిసి సన్నటి గూడు కడితే ఎర్రనల్లి, ఆకుల అడుగు వైపు పైపుతో గట్టిగా నీళ్ళు కొట్టండి. కాడ మీద ఉమ్మిలాంటి నురగ పెద్ద హాని చెయ్యదు, కడిగేస్తే చాలు.

డాలస్‌లో, హైదరాబాద్‌లో అడిగేవాళ్ళకు

డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉన్న మా మరదలి నేల మన నల్లరేగడికి చుట్టమే, తడిస్తే జిగురు, ఎండితే పగుళ్ళు. అక్కడి వేసవికి నెమొరోసా అలసిపోతుంది. టెక్సస్, మెక్సికోల సొంత మొక్క సాల్వియా గ్రెగ్గీ దిబ్బ మీద నాటితే నిశ్చింతగా పూస్తుంది. హైదరాబాద్‌లో నెమొరోసాకు కావాల్సిన చలే లేదు. నేను చీటీ చూసి వద్దన్న ఆ ఫారినేసియానే అక్టోబరులో నారు నాటుకోండి, చలికాలమంతా నీలంగా పూస్తుంది.