వీసా పాత పాస్‌పోర్ట్‌లో, చేతిలో కొత్త పాస్‌పోర్ట్: బయల్దేరే ముందు చూసుకోవాల్సినవి

కావలి, కందుకూరు, ఒంగోలు, ఏ ఊరైనా సరే, పిల్లల దగ్గరికి అమెరికా బయల్దేరే అమ్మానాన్నల ఇంట్లో ఎప్పుడో ఒకసారి ఈ టెన్షన్ తప్పదు. పాస్‌పోర్ట్ గడువు అయిపోయింది, కొత్తది చేతికొచ్చింది, పదేళ్ల విజిటర్ వీసా మాత్రం పాతదాంట్లో ఉండిపోయింది. మళ్లీ ఫీజు కట్టి ఇంటర్వ్యూకి పోవాలా?

అక్కర్లేదు. రెండు పాస్‌పోర్ట్‌లూ పట్టుకుని వెళ్లండి. ఇది ఆఫీసర్ మంచితనం మీద ఆధారపడ్డ విషయం కాదు, అమెరికా విదేశాంగ శాఖ తన సైట్‌లో రాసిపెట్టిన రూలే. వీసా గడువు ఇంకా ఉండాలి, స్టిక్కర్ చిరగకుండా చెడిపోకుండా ఉండాలి, రెండు పాస్‌పోర్ట్‌లూ ఒకే దేశానివి, ఒకే రకానివి అయ్యుండాలి, మీరు వెళ్లే పని ఆ వీసాకి సరిపోయేది అయ్యుండాలి. పిల్లల విషయంలో ఇది ఇంకా తరచుగా వస్తుంది, ఎందుకంటే మైనర్ల పాస్‌పోర్ట్ ఐదేళ్లకే అయిపోతుంది, వీసా పదేళ్లకి ఇచ్చి ఉంటారు.

అయితే ఈ మాట పట్టుకుని అన్ని దేశాలకీ అట్టాగే బయల్దేరకండి. ముందు తేల్చుకోవాల్సింది మీ వీసా స్టిక్కరా, లేక కంప్యూటర్‌లో రికార్డా అని. స్టిక్కర్ అయితే అది అంటించిన పుస్తకాన్ని వెంట తీసుకెళ్తే పని జరుగుతుంది, అమెరికాతో పాటు కెనడా కూడా అలాగే ఒప్పుకుంటుంది. రికార్డ్ అయితే అది పాస్‌పోర్ట్ నంబర్‌తో ముడిపడి ఉంటుంది, నంబర్ మారగానే మీ వీసా ఎవరిదో సిస్టమ్‌కి తెలీదు. ఆస్ట్రేలియాకి స్టిక్కర్ వీసాలే లేవు, వాళ్ల ఆన్‌లైన్ వీసా అకౌంట్ అయిన ఇమ్మిఅకౌంట్‌లో కొత్త పాస్‌పోర్ట్ వివరాలు మీరే మార్చుకోవాలి. బ్రిటన్ ఈ-వీసా ఉన్నవాళ్లు యూకేవీఐ (బ్రిటన్ వీసా విభాగం) అకౌంట్‌లో మార్చాలి. దుబాయ్‌లో 2022 నుంచి రెసిడెన్స్ స్టిక్కర్ వేయడం మానేశారు, అంతా ఎమిరేట్స్ ఐడీ మీదే. అక్కడ ఉద్యోగం చేసేవాళ్లు సెలవుకి ఊరొచ్చి ఇక్కడ పాస్‌పోర్ట్ మార్చుకుంటే, తిరుగు టికెట్‌కి ముందే కంపెనీలో వీసా కాగితాలు చూసే పీఆర్వోకి కొత్త పాస్‌పోర్ట్ కాపీ పంపి రికార్డ్ అప్‌డేట్ చేయించుకోవాలి. కువైట్‌లో పనిచేసే మనవాళ్లదీ ఇంచుమించు ఇదే కథ. అప్‌డేట్ అయిందన్న రుజువు ఫోన్‌లో పెట్టుకుని, పాత పాస్‌పోర్ట్ కూడా జేబులో వేసుకుని రండి. ఇక టూరిస్ట్ ఈ-వీసా పాత నంబర్ మీద వచ్చి ఉంటే, దాన్ని పట్టుకుని ఎయిర్‌పోర్ట్‌కి పోవడం దండగ.

ఇక్కణ్ణుంచి ప్రధానంగా అమెరికా వీసా గురించే చెప్తాను, మన జిల్లాల్లో ఎక్కువమందికి కావాల్సింది అదే కాబట్టి.

పాస్‌పోర్ట్ రీఇష్యూకి గడువు ముగియడానికి ఏడాది ముందు నుంచే అప్లై చేయొచ్చు. 36 పేజీలకి 1500, 60 పేజీలకి 2000, తత్కాల్ కావాలంటే ఇంకో 2000. అప్లికేషన్‌లో కారణం దగ్గర గడువు ముగిసింది లేదా ముగియబోతోంది అన్నదే ఎంచుకోండి, వివరాల మార్పు అనేదాన్ని అవసరం లేకుండా ముట్టుకోవద్దు (ఎందుకో కింద చెప్తాను). నెల్లూరు పోస్టాఫీసు పాస్‌పోర్ట్ కేంద్రానికి వెళ్లినా, తిరుపతికో విజయవాడకో వెళ్లినా, కౌంటర్ దగ్గర పాత పాస్‌పోర్ట్ ఇచ్చేటప్పుడు వీసా ఉన్న పేజీ తెరిచి చూపించి, "సార్, దీంట్లో అమెరికా వీసా ఇంకా ఉంది, ఈ పేజీ మీద ఏం వేయొద్దు" అని నోరు తెరిచి చెప్పండి. వాళ్లకి తెలుసు, అయినా చెప్పండి. పాతదాని మీద క్యాన్సిల్డ్ అని ముద్ర వేస్తారు, మూల కత్తిరిస్తారు, తిరిగి మీకే ఇచ్చేస్తారు. కౌంటర్ దగ్గరే పేజీలు తిప్పి చూసుకోండి. కత్తెర అట్ట మూలన పడితే నష్టమేం లేదు, వీసా స్టిక్కర్ అంచు తెగితేనే గొడవ.

ఆ క్యాన్సిల్డ్ ముద్ర చూసి కంగారుపడేవాళ్లు చాలామంది. ముద్ర రెండు రకాలు. పాస్‌పోర్ట్ మీద మన ఆఫీసు వేసింది పాస్‌పోర్ట్‌కి మాత్రమే, వీసా జోలికి అది రాదు, మన ఆఫీసుకి అమెరికా వీసా రద్దు చేసే అధికారం లేదు. అదే వీసా స్టిక్కర్ మీదే అడ్డంగా క్యాన్సిల్డ్ వితౌట్ ప్రెజుడిస్ అని ఉంటే అది కాన్సులేట్ వేసింది, ఆ వీసా ఇక పనికిరాదు. తర్వాత ఇంకో వీసా ఇచ్చినప్పుడు పాతదాని మీద ఇలా కొట్టేస్తుంటారు, దానర్థం మీరేదో తప్పు చేశారని కాదు. వీసా మీద తేదీ ఉంది కదా అని దాన్ని పట్టుకుని మాత్రం బయల్దేరొద్దు.

ఇప్పుడు పేర్ల సంగతి. మనవాళ్ల అసలు చిక్కంతా ఇక్కడే. పాత రోజుల్లో తీసిన పాస్‌పోర్ట్‌లలో సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలేసి, ఇంటిపేరూ అసలు పేరూ అన్నీ కలిపి గివెన్ నేమ్‌లో కొట్టేసినవి కొల్లలు. అమెరికా వీసాలో సర్‌నేమ్ ఖాళీగా ఉండదు, అందుకని మొత్తం పేరు తీసుకెళ్లి సర్‌నేమ్‌లో పెట్టి, గివెన్ నేమ్ దగ్గర ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే అసలు పేరు తెలీదు) అని వేస్తారు. అలాంటి వీసాకి ఇంకా ఆరేడేళ్లు గడువుందనుకోండి, పాస్‌పోర్ట్ మార్చేటప్పుడు కొడుకో కూతురో ఫోన్ చేసి "ఈసారి ఇంటిపేరు సపరేట్ చేయించు నాన్నా, నీట్‌గా ఉంటుంది" అంటారు. నీట్‌గానే ఉంటుంది, కానీ కొత్త పాస్‌పోర్ట్‌లో పేరు ఒక రకంగా, వీసాలో ఇంకో రకంగా తయారై చెక్-ఇన్ దగ్గర్నుంచి ప్రతి కౌంటర్‌లోనూ జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది. వీసా గడువు ఎక్కువగా మిగిలి ఉంటే పేరు పాతదాంట్లో ఉన్నట్టే ఉంచేయండి, వీసా అయిపోయాక రెండూ కలిపి సరిచేసుకోవచ్చు అని నా సలహా. ఒక్క మినహాయింపు దుబాయ్ చూడబోయేవాళ్లకి. 2022 నవంబర్ నుంచి యూఏఈ పేరు మొత్తం ఒక్క పదమే ఉన్న పాస్‌పోర్ట్‌లకి విజిట్ వీసా మీద ప్రవేశం ఇవ్వడం లేదు, రెండో పేజీలో తండ్రి పేరో ఇంటిపేరో ఉంటే మాత్రం ఒప్పుకుంటున్నారు. అక్కడికి వెళ్లే ఆలోచన ఉంటే ఏది ముందు, ఏది వెనక అని లెక్క చూసుకోండి.

పెళ్లి తర్వాత అమ్మాయి ఇంటిపేరు మార్చుకుని కొత్త పాస్‌పోర్ట్ తీసుకుంటే సంగతి వేరు. పేరు చట్టప్రకారం మారినప్పుడు కొత్త వీసా తీసుకోమనే అమెరికా విదేశాంగ శాఖ సిఫారసు చేస్తోంది. మ్యారేజ్ సర్టిఫికెట్ పట్టుకుని పాత వీసాతో వెళ్లొచ్చినవాళ్లు ఉన్నారని ఎవరో చెప్తే విని ఊరుకోండి.

టికెట్ కొనేటప్పుడు పాస్‌పోర్ట్ నంబర్ అడిగిన ప్రతిచోటా కొత్తదే ఇవ్వాలి, పేరు కూడా కొత్తదాంట్లో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. వీసా నంబర్ అడిగితే వీసా స్టిక్కర్ కింద కుడివైపు ఎర్రగా అచ్చేసి ఉండే నంబర్ అది. స్టిక్కర్ మీద పాస్‌పోర్ట్ నంబర్ అని ఇంకోటి ఉంటుంది, అది మీ పాత పాస్‌పోర్ట్‌ది, టికెట్ దగ్గర దాన్ని నింపకండి.

చెన్నై ఎయిర్‌పోర్ట్‌లో చెక్-ఇన్ కుర్రాడు ఆగేది కూడా సరిగ్గా ఈ నంబర్ దగ్గరే. కొత్త పాస్‌పోర్ట్ స్కాన్ చేస్తాడు, వీసా ఏదమ్మా అంటాడు, పాతది చూపిస్తే మూల కత్తిరించి ఉంటుంది, వీసా మీద నంబర్ వేరేగా ఉంటుంది. అప్పుడు కొత్త పాస్‌పోర్ట్ చివరి పేజీ తిప్పి చూపించాలి. పాత పాస్‌పోర్ట్ నంబర్, అది ఇచ్చిన తేదీ, ఊరు అక్కడ అచ్చేసి ఉంటాయి, వీసా మీదున్న నంబర్ అదే. రెండు పుస్తకాలూ ఒకే మనిషివి అనడానికి అంతకంటే రుజువు అక్కర్లేదు. అందుకే కొత్త పాస్‌పోర్ట్ స్పీడ్ పోస్ట్‌లో ఇంటికి రాగానే ఆ పేజీలో నంబర్ సరిగా పడిందో లేదో చూసుకోండి. ఒకవేళ వీసా ఉన్నది రెండు పాస్‌పోర్ట్‌ల కిందటిదైతే మధ్యలోదాన్ని కూడా తీసుకెళ్లండి, గొలుసు తెగకుండా ఉంటుంది.

పెద్దవాళ్లు ఒంటరిగా వెళ్తుంటే ఒక చీటీ మీద ఇంగ్లిషులో, వీసా పాత పాస్‌పోర్ట్‌లో ఉంది, రెండూ చూడండి, అని రాసి, వీసా పేజీలో పెట్టి రెండూ కలిపి రబ్బర్ బ్యాండ్ వేసివ్వండి. స్టేప్లర్ కొట్టకండి, వీసా పేజీకి చిల్లు పడితే అది చెడిపోయిన వీసా కిందే లెక్క. లామినేషన్ కూడా వద్దు. స్టిక్కర్‌ని ఊడదీసి కొత్తదాంట్లో అంటించాలనే తెలివైతే అసలే వద్దు, ఊడదీసిన క్షణం అది చెల్లకుండా పోతుంది. ఇంకోటి, పాతది క్యాన్సిల్ అయింది కదా అని చెక్-ఇన్ సూట్‌కేసులో ఆవకాయ సీసాల పక్కన పెట్టేస్తారు కొందరు. అది హ్యాండ్ బ్యాగ్‌లోనే ఉండాలి, సూళ్లూరుపేటలో టీకి ఆగినప్పుడు ఒకసారి తీసి చూసుకోండి, అక్కడైతే వెనక్కి తిరగడానికి ఇంకా టైమ్ ఉంటుంది.

దోహా, దుబాయ్ మీదుగా అయితే ఎయిర్‌పోర్ట్ దాటకుండా విమానం మారడానికి వీసా గొడవ లేదు, పెద్దవాళ్లకి ఆ దారే సుఖం. అబుదాబి మీదుగా వెళ్తే అమెరికా ఇమ్మిగ్రేషన్ అక్కడే అయిపోతుంది, కాబట్టి రెండు పాస్‌పోర్ట్‌లూ అక్కడే బయటికి తీయాలి.

పాత పాస్‌పోర్ట్ పోతే దాంతోపాటు వీసా కూడా పోయినట్టే. ఫోటో ఉంది, జిరాక్స్ ఉంది అంటే కుదరదు. పోలీస్ కంప్లైంట్ ఇచ్చి, కాన్సులేట్‌కి తెలియజేసి, కొత్త వీసాకి అప్లై చేయాల్సిందే. పోయిందని చెప్పాక బీరువాలో బట్టల కింద దొరికినా ఆ వీసా ఇక వాడకూడదు.

అమెరికాలో దిగాక ఆఫీసర్‌కి రెండూ కలిపి ఇవ్వండి, కొత్తది పైన ఉండేలా. స్టాంప్ వేస్తే కొత్తదాంట్లో వేసి, పక్కన వీఐఓపీపీ అని రాస్తారు, వీసా వేరే పాస్‌పోర్ట్‌లో ఉందని దానర్థం. ఇల్లు చేరిన రెండు మూడు రోజుల్లో సీబీపీ (అమెరికా సరిహద్దు తనిఖీ శాఖ) సైట్‌లో ఐ-94, అంటే మీరు ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డ్, తీసి చూడండి. మొదట కొత్త పాస్‌పోర్ట్ నంబర్‌తో వెతకండి, రాకపోతే పాతదాంతో వెతకండి. పాత నంబర్ మీద దొరికినా, ఉండాల్సిన తేదీ తప్పుగా పడినా, ఇలాంటి తప్పులు సరిచేసే సీబీపీ వాళ్ల డిఫర్డ్ ఇన్‌స్పెక్షన్ ఆఫీసు దగ్గర్లో ఎక్కడుందో చూసి, వాళ్లకి చెప్పి సరిచేయించుకోవాలి. ముఖ్యంగా హెచ్-1బీ వాళ్లు ఈ పని వాయిదా వేయొద్దు. పాస్‌పోర్ట్ గడువు దగ్గరపడి ఉంటే ఐ-94ని ఆ తేదీకే కుదించి ఇచ్చే అవకాశం ఉంది, కాబట్టి కొత్త పాస్‌పోర్ట్ ఉండి కూడా పాతదాని లెక్క పడిందేమో ఆ తేదీ చూస్తేనే బయటపడుతుంది.