ఆఫీసు పని నోట్స్: రేపు వెతికితే దొరికేలా రాయడం ఎలా?

అకౌంట్స్ ఆఫీసుల్లో చాలామంది అసలు నోట్స్ రాయరు. రాసేవాళ్లు తమకు తప్ప ఇంకెవరికీ అర్థం కాకుండా రాస్తారు. నాలుగేళ్లుగా పనిచేస్తున్న అబ్బాయి మానేశాక 20వ తేదీ సాయంత్రం నెలవారీ జీఎస్‌టీ రిటర్ను జీఎస్‌టీఆర్-3బీ గడువు ముంచుకొస్తుంటే, "ఆ క్లయింటు సంగతి అతనికే తెలుసండీ" అంటూ పాత ఉద్యోగికి ఫోన్ల మీద ఫోన్లు కొడతారు. అతను ఎత్తడు. ఎందుకు ఎత్తాలి?

ముందు యాప్ సంగతి తేల్చేద్దాం. గూగుల్ డాక్స్, వన్‌నోట్, నోషన్ ఏదైనా పర్వాలేదు. అందరూ తెరవగలగాలి, అందరూ దిద్దగలగాలి, సెర్చ్ పనిచేయాలి. ఏ యాప్ మంచిదని వారం పాటు యూట్యూబ్ వీడియోలు చూసేవాళ్లు చివరికి ఒక్క నోటు కూడా రాయరు. తెలుగులో రాస్తే యూనికోడ్‌లోనే టైప్ చేయండి. పాత డీటీపీ అలవాటుతో అను ఫాంట్లలో కొట్టిన ఫైలు వేరే చోట పేస్ట్ చేస్తే పిచ్చి గీతలు వస్తాయి, సెర్చ్‌కి అసలు దొరకదు.

ఒక విషయానికి ఒక నోటు. పైన తేదీ, 2025-07-18 పద్ధతిలో, సంవత్సరం ముందు. అప్పుడే వరస తప్పకుండా ఉంటుంది. తేదీ కింద రాసినవాళ్ల పేరు. సమస్య తేలిన రోజే రాయాలి, మర్నాటికి సగం మర్చిపోతాం. పాస్‌వర్డులు, ఓటీపీ వచ్చే ఫోన్ నంబర్లు, ఆధార్ నంబర్లు అందులో పెట్టకూడదు. ఇవన్నీ ఎవరైనా చేయగలిగినవే.

పని చెడేది శీర్షిక దగ్గర. ఇక్కడ తొందరపడకండి.

మామూలుగా అందరూ పెట్టే శీర్షికలు "ముఖ్యమైన విషయం", "జీఎస్‌టీ నోట్స్", "శర్మగారు చెప్పినది". మూడూ పనికిరావు. వెతికేవాడికి జవాబు తెలియదు కాబట్టే వెతుకుతున్నాడు. అతని దగ్గర ఉన్నది తన ఇబ్బంది ఒక్కటే, అది కూడా స్క్రీన్ మీద ఎర్రగా కనబడుతున్న మాటల్లోనే. పోర్టల్‌లో డిజిటల్ సంతకం (డీఎస్‌సీ) పడకపోతే "సంతకం", "డీఎస్‌సీ" అని కొడతాడు. కంప్యూటర్లో ఆ సంతకం వేయించే ప్రోగ్రామ్ ఎమ్‌సైనర్ ఆగిపోయిందన్నది నోటు చదివాక తెలియాల్సిన విషయం. కాబట్టి "ఎమ్‌సైనర్ రీస్టార్ట్" అని పెట్టకండి. "జీఎస్‌టీ పోర్టల్‌లో డీఎస్‌సీ సంతకం పడటం లేదు" అని పెట్టండి. జవాబు కింద ఉంటుంది, శీర్షికలో మాత్రం ఇబ్బందే ఉండాలి.

అది కూడా చాలదు. మన ఆఫీసుల్లో ఒకే మాటను నలుగురు నాలుగు రకాలుగా కొడతారు. ఒకరు "ఇన్వాయిస్", ఇంకొకరు "ఇన్‌వాయిస్", మూడో మనిషి ఇంగ్లిషు అక్షరాల్లో, నాలుగో మనిషి "బిల్లు". రెండో రూపంలో "న్"కీ "వా"కీ మధ్య కంటికి కనబడని అక్షరం ఒకటి ఉంటుంది, జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు దాన్ని. కొన్ని సెర్చ్‌లకు ఆ రెండూ వేర్వేరు మాటలే. నోటు ఉండి కూడా "ఏమీ దొరకలేదు" అని వచ్చేది చాలాసార్లు ఇందుకే. అందుకని నోటు అడుగున ఒక లైను వదిలి, ఆ విషయానికి ఎవరైనా కొట్టగల మాటలన్నీ వరసగా పడేయండి, తెలుగులోనూ ఇంగ్లిషు అక్షరాల్లోనూ. చూడ్డానికి చెత్తగా ఉంటుంది. ఉండనివ్వండి.

శీర్షిక కుదిరిందా లేదా తెలియాలంటే, ఆ విషయం తెలియని మనిషిని పిలిచి ఇబ్బంది మాత్రం చెప్పండి. నోటు వెతకమనండి. అతను మొదట ఏ మాట కొట్టాడో చూసి ఆ మాటనే శీర్షికలో పెట్టండి. "నువ్వు తప్పు మాట కొట్టావ్" అని అతన్ని సరిదిద్దితే చేసిన పనంతా వృథా.

ఫోల్డర్ల మీద నాకు నమ్మకం లేదు. క్లయింటు పేరు మీద ఒకటి, సంవత్సరం మీద ఒకటి, దాని లోపల ఇంకోటి. చివరికి ఆ నోటు ఎక్కడ పెట్టామో తెలుసుకోవడానికి ఇంకో నోటు కావాలి. వాట్సాప్ గ్రూపు అంతకంటే దారుణం. టీడీఎస్ 7వ తేదీలోగా కట్టాలన్న మెసేజ్ మీద ముప్పై గుడ్ మార్నింగులు, రెండు పెళ్లి పిలుపులు పడతాయి. చీటీల పెట్టె పద్ధతి గొప్పదని జర్మన్ సామాజిక శాస్త్రవేత్త నిక్లాస్ లూమన్ పేరు చెప్పేవాళ్లూ ఉన్నారు. ఆయన దాదాపు 90,000 చీటీలు రాసుకున్న మాట నిజమే. అవి ఆయన ఒక్కడి కోసం ఆయన రాసుకున్నవి. రేపు పొద్దున చేరే కొత్తమ్మాయి కోసం కాదు.

నోటు లోపల ఏమైంది, ఏం చేశాం అన్నవి రెండు లైన్లలో తేల్చండి. ఆ తర్వాత తప్పనిసరిగా రాయాల్సినవి రెండు: అలాగే ఎందుకు చేశాం, ముందు ఏం ప్రయత్నిస్తే పనిచేయలేదు. "ఈ క్లయింటు ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోళ్ల మీద కట్టిన జీఎస్‌టీని మినహాయించుకోవడం) 14వ తేదీ తర్వాతే ఎక్కించాలి" అని రాసి ఆపేస్తే, వచ్చినవాడు అది పాతకాలపు అలవాటనుకుని మానేస్తాడు. "ఎందుకంటే సప్లయర్లు ఎక్కించిన బిల్లుల చిట్టా జీఎస్‌టీఆర్-2బీ 14న వస్తుంది, వీళ్ల సప్లయర్లలో ఇద్దరు బిల్లులు ఆలస్యంగా ఎక్కిస్తారు" అని ఉంటే మానడు.

పాతబడిన నోటును చెరిపేయకండి. పైన "ఇది ఇప్పుడు చెల్లదు" అని తేదీ వేసి, కొత్త నోటుకు లింకు ఇవ్వండి. జీఎస్‌టీ చట్టం ప్రకారం లెక్కల పుస్తకాలు వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు ఉంచాలి. ఆ లోపు ఎప్పుడో ఒక నోటీసు వస్తుంది, అప్పట్లో అలా ఎందుకు చేశారని అడుగుతుంది. లెక్కలు టాలీలో దొరుకుతాయి, కారణం దొరకదు.

కొత్తగా చేరినవాళ్లకు మొదటి వారం నోటిమాటగా ఏమీ చెప్పకండి. నోట్స్ చూసి చేయమనండి. ఎక్కడ ఆగిపోయారో ఆ నోటును వాళ్ల చేతే దిద్దించండి.